హైదరాబాదు వర్తక కుటుంబాల బంధుత్వాలు (19వ శతాబ్దం)

తెలుగులో 'పరపతి' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి అప్పు పుట్టే శక్తి, రెండోది పలుకుబడి. 19వ శతాబ్దపు హైదరాబాదు వర్తక కుటుంబాల చరిత్ర ఈ రెండర్థాల మధ్యే నడిచింది. మూసీకి ఉత్తరాన బేగంబజారు నుంచి రెసిడెన్సీ బజారు దాకా, అక్కడి నుంచి నేడు మనం ఆబిడ్స్, నాంపల్లి అని పిలుస్తున్న ప్రాంతం దాకా ఉన్న కొద్దిపాటి నేలమీద గుజరాతీలు, మార్వాడీలు, గోసాయిలు, పార్సీలు, ఆంగ్లో-ఇండియన్లు, ఆర్మీనియన్లు వ్యాపారాలు నడిపారు. వారిలో ఎవరు ఎవరికి అల్లుడు, ఎవరికి సంరక్షితురాలు, ఎవరికి శిష్యుడు అన్నది తెలియకుండా వారి ఖాతాలు అర్థం కావు. బంధుత్వం ఈ కుటుంబాలకు పెట్టుబడిని పోగుచేసి పెట్టింది, అప్పు పుట్టించింది, కొన్నిసార్లు పాలకుల గడప కూడా ఎక్కించింది. ఇచ్చిన అప్పును వసూలు చేసే బలం మాత్రం దానికి లేకపోయింది. బాకీదారు సాక్షాత్తూ రాజ్యమే అయినప్పుడు ఎంత గొప్ప వియ్యమైనా నిలబడలేదు. ఆనాటి పెద్ద సంస్థల ఎదుగుదలనూ పతనాన్నీ కలిపి వివరించగల సూత్రం ఇదేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

బంధుత్వం వ్యాపారానికి ఎందుకు అవసరమైంది?

నేటి కంపెనీ చట్టాలు, రిజిస్ట్రార్లు, నమోదైన వాటాలు అప్పటి హైదరాబాదులో లేవు. సాహుకారు కోఠీకి ఉన్న ఆస్తి దాని పేరు. ఔరంగాబాదులోనో బొంబాయిలోనో రాసిన హుండీ ఇక్కడ చెల్లాలంటే రాసినవాడి చేవ్రాలును నమ్మాలి. ఆ నమ్మకానికి పూచీ కుటుంబం. దూరపు ఊళ్లో గుమాస్తాగా పరాయివాడిని పెట్టడంకన్నా తమ్ముణ్ణో మేనల్లుణ్ణో కూర్చోబెట్టడం క్షేమం. దగా చేస్తే ఉద్యోగం ఒక్కటే కాదు, కులంలో ముఖం కూడా పోతుంది గనక. కూతురి పెళ్లి మరో కోఠీతో పొత్తుకు దారి తీసేది. దత్తత కోఠీకి వారసుణ్ణి ఇచ్చేది. తెలుగు దేశపు కోమట్లలో మేనరికం చాలాకాలం దాదాపు విధిగా సాగడానికి ఆచారం ఎంత కారణమో, సొమ్ము బయటికి పోకుండా ఉండాలన్న లెక్క కూడా అంతే కారణం. ఇది మన దేశానికే పరిమితమైన పద్ధతి కాదు. అదే శతాబ్దంలో ఐర్లండులో మాల్కమ్సన్, పిమ్, గుడ్‌బాడీ వంటి క్వేకర్ వర్తక కుటుంబాలు తమలో తాము వియ్యమందుకుంటూ మిల్లులనూ ఓడలనూ నడిపాయి. ఆ మతశాఖ బయటివారిని పెళ్లాడినవారిని వెలివేసే కట్టుబాటు 1860 ప్రాంతం దాకా కొనసాగింది. పోర్ట్‌లాలో 1825లో నూలు మిల్లు పెట్టిన మాల్కమ్సన్ల సంస్థ 1877లో కూలిపోయింది. చుట్టరికం ఎంత పెట్టుబడిని కూడగట్టగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసుకోవడానికి హైదరాబాదుకూ ఐర్లండుకూ మధ్య ఈ పోలిక ఉపయోగపడుతుంది.

పామర్లు: పాలకులతో కలిసిన వియ్యం

హైదరాబాదు కథల్లో అత్యంత ప్రసిద్ధమైనది విలియం పామర్ అండ్ కంపెనీది. జనరల్ విలియం పామర్ లక్నో, గ్వాలియర్, పూనా దర్బారుల్లో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా పనిచేశాడు. ఆయన భార్య ఫైజ్ బఖ్ష్ బేగం. ఆ కుటుంబమంతా కలిసి ఉన్న 1785 నాటి అసంపూర్ణ చిత్రం ఒకటి నేటికీ లండన్‌లో ఉంది. వారి కొడుకు విలియం 1780లో లక్నోలో పుట్టాడు. భారతీయ తల్లులకు పుట్టినవారిని కంపెనీ ఉద్యోగాల్లోకి తీసుకోరాదన్న 1791 నాటి నిర్ణయం అతని దారిని మార్చింది. తల్లిదండ్రుల వివాహం వల్ల కంపెనీ కొలువు తలుపు మూసుకుపోతే, 1799లో అతడు నిజాం సైన్యంలో చేరాడు. సుమారు 1812లో అది వదిలి, అప్పటికే ఆరంభించిన వడ్డీ వ్యాపారంలో పూర్తిగా దిగాడు. అతని సవతి అన్న జాన్ పామర్ అప్పటికి కలకత్తాలో 'వర్తక రాకుమారుడు' అని పేరుపడ్డ పెద్ద వ్యాపారి. తమ్ముడు హేస్టింగ్స్ పామర్ హైదరాబాదులో భాగస్వామి. గుజరాతీ సాహుకారు బంకటీదాస్ కూడా వాటాదారే. ఈ సంస్థను కేవలం ఆంగ్లేయుల కొట్టుగా చూడటం సరికాదని అతని పేరే చెబుతుంది. దేశీయ సాహుకార్ల సొమ్ము, ఆంగ్లో-ఇండియన్ కుటుంబ సంబంధాలు, బ్రిటిష్ రెసిడెన్సీ ఉద్యోగుల అండ కలిసి అల్లుకున్న సంస్థ అది.

ఆ అల్లికలో అన్నిటికన్నా ఎత్తైన ముడి సర్ విలియం రంబోల్డ్. మద్రాసు గవర్నరుగా చేసిన సర్ థామస్ రంబోల్డ్ మనుమడు ఇతడు. 1809లో లార్డ్ రాన్‌క్లిఫ్ కూతురు హారియట్ పార్కిన్స్‌ను పెళ్లాడాడు. ఆమె ఐర్లండులో పుట్టిన లార్డ్ మొయిరా సంరక్షణలో పెరిగింది. ఆ మొయిరాయే 1813లో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వచ్చి, తర్వాత మార్క్విస్ ఆఫ్ హేస్టింగ్స్ అయ్యాడు. రంబోల్డ్ దంపతులు ఆయన వెంటే ఇండియా వచ్చారు, రంబోల్డ్ పామర్ సంస్థలో భాగస్వామి అయ్యాడు. ఐరోపావారు దేశీయ రాజులకు అప్పులివ్వరాదని 1797 నాటి బ్రిటిష్ చట్టం నిషేధించింది. గవర్నర్ జనరల్ అనుమతి ఉంటే మాత్రం ఇవ్వవచ్చు. 1816లో ఆ అనుమతి పామర్ సంస్థకు దొరికింది. కన్నకూతురిలా పెంచిన అమ్మాయి భర్తకు వాటా ఉన్న సంస్థకు గవర్నర్ జనరల్ స్వయంగా ఈ మినహాయింపు ఇచ్చాడన్నదే తర్వాత లండన్‌లో జరిగిన రచ్చకంతటికీ మూలం.

నిజాం సైన్యం జీతాల నుంచి దర్బారు ఖర్చుల దాకా పామర్లు అప్పులిచ్చారు. పేష్కారు చందూలాల్ చేతిలో ఖజానా ఎప్పుడూ వట్టిపోయే ఉండేది. పాత బాకీకి వడ్డీ, ఆ వడ్డీకి కొత్త పత్రం రాసుకుంటూ పోయారు. 1820లో 60 లక్షల రూపాయల రుణానికి కలకత్తా ఆమోదం లభించింది. ఆ ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తవ్వి, ఆ రుణం నిండా పాత బాకీలే వేషం మార్చుకుని ఉన్నాయని వాదించాడు. 1823 జనవరిలో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఇండియా విడిచి వెళ్లాడు. అదే ఏడాది కంపెనీ ప్రభుత్వం నిజాం తరఫున పామర్ల బాకీ తీర్చే ఏర్పాటు చేసింది. ఉత్తర సర్కారుల కోసం నిజాంకు ఏటా చెల్లించవలసిన ఏడు లక్షల పేష్కషును ఒకేసారి కోటీ 16 లక్షలకు పైగా సొమ్ముకు శాశ్వతంగా రద్దు చేసుకుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు సీమ మీద నిజాంకు మిగిలిన చివరి ఆదాయం అలా అప్పుల పద్దులో కరిగిపోయింది. కొత్త రుణాలు నిషేధమయ్యాక, 1824లో పామర్ సంస్థ మూతపడింది. రంబోల్డ్ 1833లో హైదరాబాదులోనే కన్నుమూశాడు. పామర్ మాత్రం 1867 దాకా ఈ ఊళ్లోనే బతికాడు.

పామర్ల చుట్టరికాలు సంస్థతో అంతరించలేదు. 1832లో విలియం పామర్ కుమార్తె మేరీని నిజాం సైన్యంలో అధికారి, తర్వాత నవలాకారుడిగా పేరొందిన ఫిలిప్ మెడోస్ టేలర్ పెళ్లాడాడు. టేలర్ లివర్‌పూల్ వర్తకుని కొడుకు. బొంబాయిలో వ్యాపారి దగ్గర పనికి కుదిరేందుకు 1824లో చిన్న వయసులో ఓడెక్కి వచ్చినవాడు. దివాలా తీసిన ఎనిమిదేళ్లకు కూడా పామర్ ఇంటి పేరుకు ఇంత ఆకర్షణ ఉందంటే, ఆ కుటుంబానికి మిగిలింది పరపతిలోని రెండో అర్థమే. అప్పు పుట్టే శక్తి పోయినా పలుకుబడి, మర్యాద, నగరంతో అనుబంధం నిలిచాయి. ఉద్యోగ విరమణ తర్వాత టేలర్ ఐర్లండులో, డబ్లిన్ వద్ద స్థిరపడ్డాడు. లక్నోలో మొదలైన ఒక వర్తక కుటుంబపు బంధుత్వాల కొస అలా డబ్లిన్‌ను తాకింది.

పార్సీలు: లోపలికి ముడివేసుకున్న కుటుంబం

పామర్ల తర్వాత ఆ ఖాళీని నింపినవారిలో ముఖ్యులు పెస్టన్‌జీ మెహర్‌జీ, వీకాజీ మెహర్‌జీ అనే అన్నదమ్ములు. బొంబాయికి ఉత్తరాన ఉన్న తారాపూర్ వీరి స్వస్థలం. బీరారు పత్తిని బొంబాయికి చేరవేసే వర్తకంలో మార్గదర్శకులు. వీరి బంధుత్వాలు పామర్ల వాటికి పూర్తిగా భిన్నం. పార్సీలు తమ సమాజంలోనే, తరచు దగ్గరి చుట్టాల్లోనే పెళ్లిళ్లు చేసుకునేవారు. గవర్నర్ జనరల్ ఇంట్లో వీరికి ఏ అల్లుడూ లేడు. అన్నదమ్ముల ఉమ్మడి, జాతి కట్టుబాటు, బొంబాయి బజారులో పేరు, ఇవే వీరి మూలధనం. చందూలాల్‌కు పెద్ద మొత్తాల్లో అప్పులిచ్చి, 1840ల ఆరంభంలో బీరారు జిల్లాల ఆదాయాన్ని తాకట్టుగా పొందారు. ఔరంగాబాదు టంకశాల వీరి చేతికి వచ్చినప్పుడు ముద్రించిన నాణేలకు 'పెస్టన్‌షాహీ' అన్న పేరు నిలిచింది.

1843లో, అప్పటికి దివాన్‌గా ఉన్న చందూలాల్ పదవికి రాజీనామా చేశాడు. తాకట్టు పెట్టిన వ్యక్తి పోయేసరికి తాకట్టుకే దిక్కు లేకుండా పోయింది. 1845లో నిజాం ప్రభుత్వం ఆ జిల్లాలను బలవంతంగా వెనక్కి తీసుకుంది. బ్రిటిష్ వారి తలుపు తట్టినా ఫలితం లేకపోయింది. సంస్థ కొద్ది ఏళ్లలో కూలిపోయింది. అదే బీరారును 1853లో తమ సైన్యం ఖర్చుల బాకీ కింద ఈస్టిండియా కంపెనీ నిజాం చేతుల్లోంచి తీసుకుంది. ఒకే నేల, ఒకే రకమైన బాకీ. పార్సీ అన్నదమ్ములు పోగొట్టుకున్నదాన్ని కంపెనీ దక్కించుకోగలిగింది, ఎందుకంటే కంపెనీకి ఫిరంగులున్నాయి, అన్నదమ్ములకు బంధువులు మాత్రమే ఉన్నారు. ఈ అధ్యయనం మొత్తంలో అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం ఇదే. అయితే వారు 1847లో సికింద్రాబాదులో నెలకొల్పిన అగ్ని దేవాలయం సంస్థ పోయాకా నిలిచింది. సమాజంలో పెట్టిన పెట్టుబడి సర్కారులో పెట్టినదానికన్నా ఎక్కువకాలం మన్నింది.

గోసాయిలు: పెళ్లి లేని వంశం

హైదరాబాదు వర్తకంలో ఒక పెద్ద పాయ పెళ్లితో నిమిత్తం లేకుండానే సాగింది. బేగంబజారులో స్థిరపడ్డ గోసాయిలు దశనామీ సన్న్యాస సంప్రదాయానికి చెందినవారు. మఠమే కోఠీ, గురువే యజమాని, చేలాయే వారసుడు. కొడుకుల మధ్య పంపకాలు లేవు, కూతుళ్లకు సారె లేదు, అల్లుళ్ల తగాదాలు లేవు. తరతరాల ఆదాయం ఒకేచోట పోగుపడేది. తీర్థయాత్రల దారుల్లో ఉన్న మఠాల వరస సొమ్ము బదిలీకి కూడా పనికొచ్చేది. కాలక్రమాన ఈ వంశాల్లో కొన్ని గృహస్థ జీవితానికి దగ్గరయ్యాయి. జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ యజమానులైన ధన్‌రాజ్‌గిర్ కుటుంబం ఇందుకు తెలిసిన ఉదాహరణ. ఆ కుటుంబానికి చెందిన నర్సింగ్‌గిర్‌జీ పేరిట సోలాపురంలో నూలు మిల్లు వెలిసింది. పేరు చివర 'గిర్' నిలిచినా, వారసత్వం కడుపు పంటకు మారింది.

ఈ ఉదాహరణ వల్ల వర్తకంలో బంధుత్వం చేసే పని ఏమిటో విడిగా కనబడుతుంది. పెళ్లి అవసరం కాదు. కావలసినవి మూడు: వారసుడెవరో ముందే తెలియడం, ఆస్తి చీలకపోవడం, తప్పు చేసినవాణ్ణి బయటికి నెట్టగల కట్టుబాటు. కోమట్లకు మేనరికం, మార్వాడీలకు దత్తత, పార్సీలకు జాతి లోపలి వివాహం, గోసాయిలకు గురుపరంపర ఈ మూడింటినీ సమకూర్చాయి. పామర్లకు మాత్రం ఇవేవీ దృఢంగా లేవు. వారి ముడులన్నీ పైకి, పాలకుల వైపు వేసినవి. పెనుగొండ వాసవీ కన్యక ఐతిహ్యం ఈ సందర్భంలో గుర్తుకు రావడం సహజం. రాజుతో వియ్యానికి ఒప్పుకోక, 102 గోత్రాల దంపతులతో కలిసి అగ్నిప్రవేశం చేసిన కన్యను కులదేవతగా కొలిచే సమాజం, అధికారంతో చుట్టరికం వర్తకుడికి ఎంత ప్రమాదమో తన పురాణంలోనే దాచుకుంది. అది చరిత్ర పత్రం కాకపోవచ్చు. కానీ ఒక వర్తక సమాజం తరతరాలుగా తనకు తాను చెప్పుకున్న హెచ్చరికగా దానికి విలువ ఉంది.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం: పామర్ల పతనానికి కారణం రాజకీయం గానీ బంధుత్వం కాదు. మెట్‌కాఫ్‌కూ హేస్టింగ్స్‌కూ మధ్య విభేదం, కలకత్తాకూ లండన్‌కూ మధ్య పోరు, ఈ మధ్యలో సంస్థ నలిగిపోయిందని చెప్పవచ్చు. అది నిజమే. కానీ ఆ పోరులోకి పామర్లు ఏ దారిన చేరారన్నది అడగాలి. వారికి 1816 నాటి మినహాయింపు దక్కడం వెనుక రంబోల్డ్ వివాహం ఉంది. ఆ మినహాయింపే వారి వ్యాపారానికి పునాది. ఆ మినహాయింపు ఇచ్చిన హేస్టింగ్స్ వెళ్లిపోగానే పునాది కదిలింది. పైగా వారి చుట్టరికం గవర్నర్ జనరల్‌తో, బాకీ మాత్రం నిజాంది. ఎవరితో వియ్యమో అతడు బాకీదారు కాడు, ఎవరు బాకీదారో అతనితో ఏ బంధమూ లేదు. ఈ ఎడమే వారి ఇబ్బంది మొత్తానికి మూలం.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. లోపలి బంధుత్వాలే మేలైతే పార్సీ అన్నదమ్ములు ఎందుకు మునిగారు? లోపలి చుట్టరికం కాపాడుతుందని ఈ వ్యాసం అనడం లేదు. అది పెట్టుబడిని సమకూరుస్తుంది, అంతే. తాకట్టును నిలబెట్టడానికి న్యాయస్థానమో ఆయుధమో కావాలి. పామర్లూ పార్సీలూ రెండు భిన్నమైన బంధుత్వ పద్ధతులవారు. ఇద్దరూ ఒకే బాకీదారు దగ్గర, ఒకే చందూలాల్ కాలంలో దెబ్బతిన్నారు. పద్ధతి మారినా ఫలితం మారలేదంటే, కారణం పద్ధతిలో కాక బాకీదారులో వెతకాలి. తేడా పతనానంతరం కనబడుతుంది. పామర్లకు తిరిగి వ్యాపారంలో నిలదొక్కుకునే ఆసరా దొరకలేదు. పార్సీ సమాజం మాత్రం మరో రెండు తరాల్లో ఈ నగరంలో మళ్లీ వేళ్లూనింది.

మూడో అభ్యంతరం సాక్ష్యం గురించినది. కూలినవారి కాగితాలే దొరుకుతాయి. పామర్ల వ్యవహారం మీద 1824లో లండన్‌లో పెద్ద సంపుటమే అచ్చయింది. నిశ్శబ్దంగా బతికిన కోఠీలు అలాంటి సంపుటాలు మిగల్చలేదు. కాబట్టి పతనాలనే చూసి సూత్రం కట్టడం సరికాదనవచ్చు. ఈ జాగ్రత్త అవసరమే. అయితే నిలిచినవారు ఎక్కడ నిలిచారో నేల చెబుతుంది. చాలామంది సాహుకార్లు రెసిడెన్సీ బజారులో, అంటే నేటి సుల్తాన్ బజారులో కొలువు తీరారు. అక్కడ నిజాం అధికారుల చెల్లుబాటు ఉండేది కాదు, బ్రిటిష్ రెసిడెంటు అధికారం నడిచేది. ఆ బజార్లు తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కింది 1933లోనే. బంధువులున్న పేట కాక, బాకీకి రక్షణ ఉన్న పేటను వర్తకులు ఎంచుకోవడం ఈ వాదనకు కాగితాలకన్నా బలమైన ఆధారం.

ఆబిడ్స్, నాంపల్లి: అప్పు నుంచి సరుకుకు

1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ 1883లో చనిపోయే వరకు ఆ పదవిలో ఉండి, తాకట్టులో పోయిన తాలూకాలను విడిపించాడు, గుత్తేదారుల వసూళ్లను తొలగించి 1865 నాటికి జిల్లా పాలనను ఏర్పరిచాడు. రాజ్యం తన పన్ను తానే వసూలు చేసుకోవడం మొదలుపెట్టాక, దానికి అప్పులిచ్చి బతికే పెద్ద కోఠీ కాలం చెల్లింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషను వెలిసింది. వర్తకం బేగంబజారు గద్దెల మీద నుంచి కొత్త రహదారుల అంగళ్లలోకి మళ్లింది.

ఆబిడ్స్ పేరే ఈ మార్పుకు గుర్తు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. అతనికి దర్బారుతో ఉన్నది వియ్యం కాదు, కొలువు. అతని వ్యాపారం రుణపత్రాలది కాదు, సరుకులది. పామర్ పేరు రాజ్యపు బాకీల పత్రాల్లో మిగిలితే, ఆబిడ్ పేరు నిత్యం లక్షలమంది నోట నానే వీధి పేరయింది. ఆ వీధికి దగ్గర్లోనే, తిలక్ రోడ్డులో, 1904లో స్థాపించిన పార్సీ అగ్ని దేవాలయం ఉంది. దానికి ఉన్నది బాయి మాణెక్‌బాయి నుస్సేర్‌వాన్‌జీ చినాయ్ పేరు. వర్తక చరిత్రలు సాధారణంగా అన్నదమ్ముల పేర్లతో నిండి ఉంటాయి. ఇళ్లను కలిపి కట్టిన స్త్రీలు కూతుళ్లుగా, భార్యలుగా పద్దుల వెనుకే ఉండిపోతారు. ఫైజ్ బఖ్ష్, హారియట్, మేరీ లేకుండా పామర్ల కథ ఒక్క అడుగు ముందుకు పోదు, అయినా సంస్థ పత్రాల్లో వారి సంతకాలు కనబడవు. ఒక స్త్రీ పేరు రాతి కట్టడం మీద నిలవడం అందుకే గమనించదగినది.

ఈ కథకు సహజమైన ముగింపు ఆబిడ్స్ అంచున, గన్‌ఫౌండ్రీలో ఉంది. 1941లో చట్టం ద్వారా ఏర్పడ్డ హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ప్రధాన కార్యాలయం తర్వాత అక్కడే వెలసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమయ్యే వరకు అది నగరపు పద్దులు మోసింది. రాజ్యం సొమ్మును చూసుకునే సంస్థకు వాటాదారు ఎవరి అల్లుడన్న ప్రశ్న అవసరం లేని రోజు అప్పుడు వచ్చింది. పామర్ల, మెహర్‌జీల బంధువులు చేయలేకపోయిన పనిని చట్టం చేతికి తీసుకుంది. వర్తక కుటుంబాల్లో మేనరికాలూ వియ్యాలూ ఆ తర్వాతా సాగాయి. సర్కారు బాకీకి మాత్రం వాటిని పూచీగా పెట్టవలసిన అవసరం తీరిపోయింది.